స్ట్రాట్ గిటార్‌ని ఇ ఫ్లాట్‌కి దించితే బ్లూస్‌కి ఏ తీగల సెట్టు వెయ్యాల? 9, 10, 11, 13?

కావలి_కుర్రోడు
అన్నలందరికీ నమస్తే. నా దగ్గర స్ట్రాట్ మోడల్ గిటార్ ఉండాది, కొన్న కాణ్ణించి 9-42 తీగల సెట్టే (ఒకటో తీగ లావు 9, ఆరో తీగ 42) వేస్తా ఉండా. ఈ మధ్య బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ పిచ్చి గట్టిగా పట్టుకునింది, ఆయన లాగా ఆరు తీగలూ అర మెట్టు దించి ఇ ఫ్లాట్‌లో పెట్టుకున్నా, కానీ ఆరో తీగ రవ్వంత గట్టిగా మీటితే చాలు ఫ్రెట్లకి (మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీలకి) కొట్టుకుని గరగరమంటది, ఒకటో తీగేమో బెండ్ చేస్తే (పక్కకి తోసి శ్రుతి పెంచితే) చేతికి పట్టే దొరకట్లా, అనుకున్న సౌండు దాటి పైకి పోతా ఉండాది. షాపులో అడిగితే 13 సెట్టు వెయ్యి, వానూ అదే వాడేవాడు, సౌండంతా ఆ లావులోనే ఉండాది అన్నాడు. వెయ్యమంటారా? ఇంకో సంగతి, ఆదివారం చర్చిలో కూడా ఇదే గిటార్ వాయించాల, ఆడ కీబోర్డ్ మామూలు శ్రుతిలో ఉంటది. రెంటికీ పనికొచ్చేట్టు చెప్పండి.

ట్రంక్‌రోడ్_టోన్
తమ్ముడూ 13 జోలికి పోబాక. 9 నుంచి ఒక్కసారిగా 13కి పోతే నెల తిరక్క ముందే గిటార్ మూలన పెడతావు. 10 సెట్టు వేసి చూడు ముందు.

పినాకిని_బ్లూస్
నేను ఒప్పుకోను అన్నా. లావు తీగకి ఉండే బలం సన్న తీగకి రాదు. ఇనుము ఎక్కువుంటే పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేది) అయస్కాంతం దగ్గర కదిలే లోహం ఎక్కువ, సిగ్నల్ ఎక్కువ వస్తది, ఇది కల్పించి చెప్పేది కాదు. వాన్ సెట్టు 13, 15, 19, 28, 38, 58. అంత లావు తీగల మీద అట్టా బెండ్ చెయ్యబట్టే ఆ మోత. కుర్రోడికి ఓపికుంటే మెల్లగా 11కి, తర్వాత 12కి పోవచ్చు గదా, ఎందుకు ముందే భయపెట్టేది?

ఒంగోలు_స్లైడ్
ఇద్దరు చెప్పిందాంట్లోనూ నిజం ఉంది కానీ లెక్క లేకుండా మాట్లాడుకుంటే తేలదు. లావు నంబరు ఒక్కటే చూస్తే ఏమీ తెలవదు, ఏ శ్రుతిలో బిగించాడు, తలకట్టు దగ్గర తీగలు ఆనే నట్టు నుంచి కింద అవి ఆనే బ్రిడ్జి దాకా ఎంత పొడుగు, ఈ మూడూ కలిపి చూడాల.

10 అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, అంటే సుమారు పావు మిల్లీమీటరు. తీగ లాగే బరువు దాని లావు వర్గాన్ని బట్టి పెరుగుద్ది, అందుకే 9కీ 10కీ తేడా చూట్టానికి వెంట్రుకంత అయినా చేతికి మాత్రం వందకి 23 వంతులు ఎక్కువ. స్ట్రాట్ పొడుగు 25.5 అంగుళాలు. దాని మీద ఒకటో తీగని మామూలు ఇ శ్రుతిలో పెడితే 9 తీగ దాదాపు 6 కిలోలు లాగుద్ది, 10 అయితే 7.3, 11 అయితే 8.9. అర మెట్టు దించితే ఏ తీగకైనా వందకి 11 వంతులు తగ్గుద్ది. అంటే ఇ ఫ్లాట్‌లో 9 తీగ 5.3 కిలోలకి పడిపోద్ది, కావలి తమ్ముడికి పట్టు దొరక్కపోటానికి కారణం ఇదే, చేతికి అలవాటైన బరువు కాదది. అదే 10 వేస్తే 6.5, 11 వేస్తే 7.9, 13 వేస్తే 11 కిలోలు.

అంటే అర్థమయిందా, ఇ ఫ్లాట్‌లో 10 వేస్తే నీ చేతికి ఇప్పుడు అలవాటున్న 9 కంటే కొంచెం గట్టి. 11 వేస్తే మామూలు శ్రుతిలో 10 వేసినోడి కంటే రవ్వంత గట్టి. 13 మాత్రం నీ చేతికి తెలిసిన బరువుకి దాదాపు రెట్టింపు. షాపాయన చెప్పింది వాన్ చేతి సంగతి, నీ చేతి సంగతి కాదు.

ట్రంక్‌రోడ్_టోన్
ఇదీ లెక్కంటే. ఇంకోటి చెప్తా పినాకిని తమ్ముడికి. హెండ్రిక్స్ కూడా ఎక్కువగా ఇ ఫ్లాటే. ఆయన వాడిన ఫెండర్ సెట్టు 10, 13, 15, 26, 32, 38. ఆరో తీగ చూడు, 38. వాన్ ఆరో తీగ 58. ఒకే రకం గిటారు, ఒకే శ్రుతి, అడుగు తీగ లావులో ఇంత తేడా, ఇద్దర్లో ఎవరి సౌండు పల్చగా ఉండాదో చెప్పు?

పినాకిని_బ్లూస్
పల్చగా ఉందని నేనెందుకంటా అన్నా, హెండ్రిక్స్‌ని. కానీ ఇద్దరూ మీటే పద్ధతి వేరు. వాన్ కుడి చెయ్యి చూశారు గదా, మణికట్టు కాదు మోచెయ్యి నుంచి దిగుద్ది దెబ్బ. ఆ దెబ్బకి 38 తీగ అయితే శ్రుతి తప్పి పోద్ది, మీటిన క్షణంలో పైకి లేచి మళ్ళీ దిగుద్ది. గట్టిగా కొట్టేవాడికి లావు కావాల, నా మాట అంతే.

ఒంగోలు_స్లైడ్
ఇది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. లావు ఎంచుకునేది కుడి చేతిని బట్టి కూడా. అయితే వాన్ దానికి కట్టిన ఖర్చు కూడా చెప్పాల, వేళ్ళ చివర్లు చిట్లిపోయి సూపర్ గ్లూ పెట్టి చర్మం అతికించుకుని స్టేజీ ఎక్కిన సంగతి అందరికీ తెలిసిందే, తర్వాత్తర్వాత వేళ్ళు దెబ్బతింటే ఒకటో తీగ సన్నది వేసుకున్నాడు. ఆయన సౌండులో తీగతో పాటు గట్టిగా పెంచిన ఫెండర్ ఆంప్లిఫయర్లు, ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడలు, పెద్ద ఫ్రెట్లు కూడా ఉండాయి. తీగ ఒక్కటీ మార్చి మిగతావన్నీ వదిలేస్తే కుర్రాడికి నెప్పి ఒకటే మిగులుద్ది.

మైపాడు_అక్క
నేను వీణ నేర్చుకుని తర్వాత గిటార్‌కి వచ్చినదాన్ని, అందుకే ఈ మాట చెప్తున్నా. వీణలో గమకం కోసం తీగని మెట్టు మీద పక్కకి లాగుతాం, పాడేవాళ్ళ శ్రుతికి తగ్గట్టు వీణ శ్రుతి బాగా దించినా పెంచినా తీగ నంబరు మారుస్తాం, లేకపోతే ఒకచోట వదులై ఇంకోచోట తెగుద్ది. అక్కడ ఎవరూ లావు తీగ వేసినోడు గొప్ప అనుకోరు. బి.బి. కింగ్ పేరు మీద గిబ్సన్ అమ్మిన సెట్టు 10 నుంచి 54, పైన సన్నవి, కింద లావువి. ఆయన ఒక్క స్వరాన్ని వణికించి జనాన్ని ఏడిపించింది 10 తీగ మీదే. జెడ్‌జెడ్ టాప్ బిల్లీ గిబ్బన్స్ అయితే 7 వాడతాడు, లావు తీగలతో అంత కష్టం ఎందుకని కింగ్ గారు అడిగిన కాణ్ణించి సన్న తీగలకి వచ్చానని ఆయనే చెప్తుంటాడు. 7 తీగ మీద అంత బరువైన సౌండు ఎట్టా వస్తాందో వినండి ఒకసారి.

కావలి_కుర్రోడు
అమ్మో 7 అంటే దారం. సరే అక్కా, అర్థమయింది. అంటే 10 సెట్టు ఖాయం చేసుకోవచ్చా? నాకు ఆరో తీగ గరగర పోవాల ముఖ్యంగా, పైన మాత్రం బెండ్లు తేలిగ్గా రావాల.

ట్రంక్‌రోడ్_టోన్
అయితే 10-52 చూడు. పై మూడూ మామూలు 10 సెట్టు లాగే, కింద మూడూ లావు. ఎర్నీ బాల్‌లో ఉండాది, డడారియోలో కూడా ఉండాది. నెల్లూరులో ఒక్కోసారి దొరకదు, మెడ్రాస్ పోయేవాళ్ళెవరన్నా ఉంటే మౌంట్ రోడ్డు మ్యూజీ మ్యూజికల్‌లో తెప్పించుకో, లేదా ఆన్‌లైన్. పన్లో పనిగా ఒకటో తీగ విడిగా రెండు తెచ్చుకో, తెగేది అదే.

చీమకుర్తి_వర్క్‌షాప్
నేను గిటార్లు బాగు చేస్తుంటా, అందుకే ఇంతసేపూ చదువుతా ఊరుకున్నా. తీగలు మార్చి వదిలేస్తే కుదరదు తమ్ముడూ. 9-42 కోసం కోసిన నట్టు గాడిలో 52 తీగ కూర్చోదు, గాడి అంచుల మీద ఇరుక్కుని ఉంటది. కీ తిప్పుతా ఉంటే శ్రుతి కదలదు, కదలదు, తర్వాత టింగుమని ఒక్కసారి దూకుద్ది. ఆ టింగు వినపడిందంటే గాడి ఇరుకని అర్థం. సన్న ఆకురాయి లేకపోతే పాత వౌండ్ తీగ (పైన ఇంకో సన్న తీగ చుట్టినది) ముక్కకి సన్న గరుకు కాయితం చుట్టి గాడిలో ముందుకీ వెనక్కీ లాగు, తలకట్టు వైపుకి కొంచెం వాలుగా. పక్కలు మాత్రమే వెడల్పు చెయ్యి, లోతు ముట్టుకోబాక, లోతు పోతే నట్టే మార్చాల. తర్వాత పెన్సిలు మొన గాడిలో రుద్దితే జారుద్ది.

ఇక వెనక మూత తీస్తే స్ప్రింగులు కనపడతాయి. లావు తీగలు బ్రిడ్జిని ముందుకి లేపుతాయి, ఇ ఫ్లాట్‌కి దించితే మళ్ళీ కొంత వెనక్కి వాలుద్ది, నీకు ఈ రెండూ ఒకేసారి జరగతాయి కాబట్టి ఎటు వాలిందో తీగలు వేసి శ్రుతి చేశాకే చూడు. బ్రిడ్జి ముందుకి లేస్తే స్ప్రింగులు పట్టుకున్న ప్లేటు రెండు స్క్రూలూ సమంగా బిగించు, అదీ చాలకపోతే ఇంకో స్ప్రింగు తగిలించు. ప్రతిసారీ మళ్ళీ శ్రుతి చేసి చూడాల, ఓపిక కావాల.

మెడ సంగతి, మొదటి ఫ్రెట్టు మీదా చివరి ఫ్రెట్టు మీదా ఆరో తీగని ఒకేసారి నొక్కి పట్టుకుని ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూడు. నీ ఒకటో తీగ ముక్క, అదే 10ది, ఆ సందులో సరిగ్గా పట్టాల. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే ఇనప కడ్డీ) కుడి వైపుకి ఎనిమిదో వంతు తిప్పి, ఒక రాత్రి వదిలేసి మళ్ళీ చూడు. గట్టిగా ఉంటే బలం చెయ్యబాక, తెలిసినోళ్ళకి చూపించు.

పినాకిని_బ్లూస్
వర్క్‌షాప్ అన్నా ఇది సేవ్ చేసుకున్నా. ఇంటొనేషన్ (పై ఫ్రెట్ల మీద కూడా శ్రుతి సరిగ్గా పలకటం) కూడా చెప్పన్నా, చాలామంది దాన్ని వదిలేస్తారు.

చీమకుర్తి_వర్క్‌షాప్
అవును, సాడిల్స్, అంటే బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు. పన్నెండో ఫ్రెట్టు మీద నొక్కి మీటిన శబ్దం, అదే చోట తీగని ఊరికే తాకి మీటిన హార్మోనిక్, రెండూ ట్యూనర్‌లో ఒకటిగా రావాల. నొక్కింది పైకి చూపిస్తే సాడిల్ వెనక్కి జరుపు, కిందకి చూపిస్తే ముందుకి. లావు తీగకి సాధారణంగా వెనక్కే పోద్ది. పాత తీగలతో ఈ పని చెయ్యబాక, అది అబద్ధం చెప్పుద్ది.

క్వయర్_గిటార్
కావలి తమ్ముడి చర్చి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలా. నేను ఒంగోలులో క్వయర్‌లో వాయిస్తా, గిటారు పూర్తిగా ఇ ఫ్లాట్‌లోనే ఉంటది. ఒక దారి, కీబోర్డ్ ఆయన ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి (అర మెట్టు కిందకి) పెట్టుకోవటం. ఇది విన్నంత తేలిక కాదు, ఎందుకంటే పాటకి పాటకి మధ్యలో ఆయన స్కేలు మార్చుకుంటాడు, ప్రార్థన జరగతా ఉంటే వెనక మెల్లగా తీగలు మీటుతుంటాం గదా, అప్పుడు ఆయన మీట నొక్కటం మర్చిపోతే ఇద్దరికీ అర మెట్టు తేడా వచ్చి ప్రార్థన చేసే పెద్దాయన గొంతు తడబడుద్ది. దానికంటే మొదటి ఫ్రెట్టు మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టు, గిటారు మామూలు ఇ శ్రుతికి వచ్చేస్తది, కీబోర్డ్ ఆయన్ని కదిలించే పని లేదు. కాపో పెట్టినాక మాత్రం ఒకసారి శ్రుతి చూసుకో, గట్టి స్ప్రింగు కాపో సన్న తీగల్ని పైకి లాగుద్ది.

దించుకోటంలో ఇంకో మేలు కూడా ఉంది. మా చర్చిలో ఆడవాళ్ళు పైస్థాయిలో పాడలేక ఇబ్బంది పడే పాటలు, అర మెట్టు దించితే హాయిగా వస్తాయి. కాపో తీసేస్తే చాలు, నా వేళ్ళ ఆకారాలు అవే.

కావలి_కుర్రోడు
కాపో సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ అన్నా. ఆదివారం దిగులు తీరింది. ఇంకో ప్రశ్న, స్లైడ్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చటం) కూడా ఇదే గిటార్ మీద చెయ్యొచ్చా? ఒంగోలు అన్న పేరులోనే స్లైడ్ ఉండాది గదా.

ఒంగోలు_స్లైడ్
చెయ్యొచ్చు, కానీ ఒకటే గిటారు అయితే రాజీ పడాల. స్లైడ్‌కి తీగ ఎత్తు కావాల, లావు కావాల, లేకపోతే గాజు గొట్టం కింద తీగ ఒంగిపోయి ఫ్రెట్టుకి టకటక కొట్టుకుంటది. బెండ్లకి తీగ ఎత్తు తక్కువుంటే సుఖం. నేనయితే రెండో గిటారు, పాతదైనా సరే, స్లైడ్‌కే వదిలేశా, దాని మీద 11-49 వేస్తా.

శ్రుతుల సంగతికొస్తే, ఓపెన్ జీ అంటే కింద నుంచి డి జీ డి జీ బి డి. మామూలు శ్రుతి నుంచి ఆరు, అయిదు, ఒకటి తీగలు ఒక్కో పూర్తి మెట్టు దించితే చాలు, ఏదీ పెంచే పని లేదు, తీగ తెగదు. మడ్డీ వాటర్స్ మొదట్లో స్లైడ్ వాయించింది దీన్లోనే. రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ అయితే ఆరో తీగే తీసేసి అయిదింటితో వాయిస్తాడు, ఆయన రిథమ్‌లో ఆ మోగుడు అంతా అందులో నుంచే, అడుగున డి మోత లేకపోయేసరికి కార్డు శుభ్రంగా వినపడుద్ది.

ఓపెన్ డి అంటే డి ఎ డి ఎఫ్ షార్ప్ ఎ డి. ఎల్మోర్ జేమ్స్‌ది ఇదే. ఓపెన్ ఇ కూడా అదే అమరిక, ఒక మెట్టు పైన. డ్యువేన్ ఆల్‌మన్ ఓపెన్ ఇలో కోరిసిడిన్ మందు సీసా వేలికి తొడిగి వాయించేవాడు. డెరెక్ ట్రక్స్ ఎప్పుడూ ఓపెన్ ఇనే, మామూలు శ్రుతి జోలికే పోడు, పిక్ కూడా లేదు, 11 నుంచి 46 తీగలు. ఓపెన్ ఇకి మాత్రం అయిదు, నాలుగు తీగలు ఒక మెట్టు, మూడోది అర మెట్టు పైకి బిగించాల, దాంతో మెడ మీద బరువు పెరుగుద్ది. ఎకూస్టిక్ గిటారుకి అది చెయ్యబాక, ఓపెన్ డిలో పెట్టి రెండో ఫ్రెట్టు మీద కాపో పెట్టు, అదే ఓపెన్ ఇ.

స్లైడ్ కొనాల్సిన పని లేదు. చిటికెన వేలుకి సరిపోయే స్టీలు పైపు ముక్క లేత్ వర్క్ చేసే వాళ్ళ దగ్గర కోయించుకుని రెండంచులూ నున్నగా చేయించుకో, అంచు గరుకుంటే తీగ గీసుకుపోద్ది. వేలికి వదులైతే లోపల ఒక చుట్టు గుడ్డ ప్లాస్టర్ అంటించు. వాయించేటప్పుడు స్లైడ్ సరిగ్గా ఫ్రెట్టు కమ్మీ పైన ఆగాల, రెండు ఫ్రెట్ల మధ్యలో కాదు, వెనక వేళ్ళు తీగల మీద ఊరికే ఆనించి ఉంచు, లేకపోతే స్లైడ్ వెనక భాగం కూడా మోగి గోల గోలగా ఉంటది.

ట్రంక్‌రోడ్_టోన్
శ్రుతి దించే పద్ధతికి ఇంకో కారణం ఉన్న మనిషి బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ ఐయోమీ. ఫ్యాక్టరీలో ప్రమాదంలో కుడి చేతి రెండు వేళ్ళ చివర్లు పోయినాయి, ఆయన ఎడమ చేతి వాటం కాబట్టి ఫ్రెట్ల మీద ఆడించే చెయ్యే అది. తొడుగులు పెట్టుకుని, సన్న తీగలు వేసి, 1971 నాటికి ఒకటిన్నర మెట్టు దించి సి షార్ప్‌లోకి వచ్చేశాడు. ఒకటిన్నర మెట్టు దించితే తీగ బరువు వందకి 29 వంతులు తగ్గుద్ది. ఆ వదులు తీగల మీద అంత బరువైన సంగీతం పుట్టింది. లావు లేకపోతే బరువు రాదనే మాట నాకు అందుకే మింగుడు పడదు.

మైపాడు_అక్క
మన సముద్రపు గాలి సంగతి కూడా కుర్రాడికి చెప్పాలి. కావలి, మైపాడు, కొత్తపట్నం, సింగరాయకొండ ఎక్కడైనా ఇదే బాధ. వౌండ్ తీగల మీద నికెల్ పూత ఉంటది, సన్నవి మూడూ ఉత్త స్టీలు, తుప్పు ముందు వాటికే. పైన మెరుస్తానే ఉంటాయి, అడుగు వైపు మూడు నాలుగు ఫ్రెట్ల దగ్గర వేలితో రాసి చూడండి, సన్న ఇసక లాగా గరుకు తగులుద్ది. ఆ గరుకుతో బెండ్ చేస్తే ఫ్రెట్టు కూడా అరుగుద్ది. వాయించిన వెంటనే పొడి నూలు గుడ్డ తీగల కిందకి కూడా దూర్చి తుడవండి. గోడకి తగిలించి ఫ్యాను కింద వదిలెయ్యకుండా బ్యాగులో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. పూత ఉన్న తీగలు ఖరీదు ఎక్కువ గానీ మన తీరంలో ఆ డబ్బు ఊరికే పోదు.

కావలి_కుర్రోడు
అన్నా, అక్కా, 10-52 వేశా. వర్క్‌షాప్ అన్న చెప్పిన టింగు నాకు ఆరో తీగకీ అయిదో తీగకీ వచ్చింది, గాడి రాసి పెన్సిలు రుద్దితే పోయింది. బ్రిడ్జి కొంచెం ముందుకి లేచింది, స్క్రూలు ముప్పావు తిప్పు బిగిస్తే కూర్చునింది. ఇప్పుడు ఇ ఫ్లాట్‌లో ఆరో తీగ గట్టిగా కొట్టినా గరగర లేదు. ఏడో ఫ్రెట్టు దగ్గర మూడో తీగ పూర్తి మెట్టు బెండ్ చేస్తే సరిగ్గా ఎక్కడ ఆపాలనుకున్నానో అక్కడ ఆగతా ఉండాది, ముందు లాగా పైకి దాటిపోవట్లా. మూడు వేళ్ళు కలిపి తోస్తే నెప్పి కూడా లేదు. చర్చిలో కాపో పెట్టి వాయించా, కీబోర్డ్ అన్నకి తేడా తెలియనే లేదు.

పినాకిని_బ్లూస్
బాగుంది తమ్ముడూ. కొన్ని నెలలు ఇదే వాయించు, చేతికి తేలిక అనిపించిన రోజు 11-49 వేసి చూడు, నా మాట మీద కాదు, నీ కుడి చెయ్యి అడిగితేనే. నేను మాత్రం 11 నుంచి దిగను.

చీమకుర్తి_వర్క్‌షాప్
11కి పోతే చెప్పు, మెడ ఇంకోసారి చూసుకోవాల. మూడో తీగ కొనేటప్పుడు ఉత్త స్టీలుదా వౌండ్‌దా చూసుకుని కొను, లావు సెట్లు కొన్నిట్లో మూడోది వౌండ్ వస్తది, అది బెండ్‌కి లొంగదు, జాజ్ వాయించేవాళ్ళకి పనికొస్తది. డబ్బా వెనక మూడో తీగ నంబరు 18 పక్కన ప్లెయిన్ (ఉత్త స్టీలు) అని ఉంటే నీకు కావాల్సింది అదే.

కావలి_కుర్రోడు
రాసుకున్నా అన్నా. ఒంగోలు అన్నా, స్లైడ్‌కి పైపు ముక్క ఎన్ని అంగుళాలు కోయించమంటావు?

ఒంగోలు_స్లైడ్
రెండుంపావు. ఆరు తీగలూ దాటి కొంచెం బయటికి రావాల, చిటికెన వేలు మడిచినప్పుడు మాత్రం అడ్డం పడకూడదు. కోయించే ముందు కాయితం చుట్టి వేలికి పెట్టి చూసుకో.